సున్నం సత్తెమ్మ కడిగిన మొదటి గోడ

మా వదిన సత్తెమ్మకు గోడల పిచ్చి. మెచ్చుకోవడానికి అంటున్న మాట కాదిది. ఆమెతో కలిసి ఒకసారి బజారుకు వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది. కూరగాయలు కొనడానికి అరగంట పడితే, దారిలో గోడల దగ్గర ఆగడానికి ముప్పావుగంట పడుతుంది. ఈ ఇంటికి నేను ఆరుసార్లు సున్నం వేశాను, చూడు ఎట్లా పాడుపెట్టుకున్నారో అని ఇంటివాళ్ళకు వినపడేటట్టే తిడుతుంది. లోపలినుంచి ఎవరైనా వస్తే జవాబు చెప్పుకోవలసింది మాత్రం నేను. ఆ వీధిలోనే అంగన్‌వాడీ టీచర్ని కదా, నా ముఖం అందరికీ తెలుసు.

సత్తెమ్మ మా అన్న సైదులు భార్య. పుట్టింది సూర్యాపేటలో. పన్నెండో ఏటినుంచే తల్లి వెంట సున్నం బకెట్ మోస్తూ ఇండ్లు తిరిగింది. పెళ్ళయి మిర్యాలగూడ వచ్చాక ఇక్కడా అదే పని. సున్నంలో నీలిమందు ఎంత వేస్తే తెలుపు తేలుతుందో, తడి మీద పచ్చగా కనిపించింది ఎండాక ఏ రంగవుతుందో ఆమెకు చూపుతోనే తెలుస్తుంది. కుచ్చిళ్ళు దోపుకుని నిచ్చెనెక్కితే మధ్యాహ్నం దాకా దిగేది కాదు. పాతికేళ్ళు అట్లా గడిచాయి. సున్నం సత్తెమ్మ అంటే తప్ప ఆమెను ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. దసరా దగ్గర పడితే మా గుమ్మం ముందు మనుషులు కూర్చునేవారు, ముందు మా ఇంటికి రా అంటే మా ఇంటికి రా అని.

తర్వాత పుట్టీలు వచ్చాయి, డబ్బా రంగులు వచ్చాయి, పదిమంది కుర్రాళ్ళను వెంటేసుకుని తిరిగే కాంట్రాక్టర్లు వచ్చారు. ఒక దసరాకు ఆమెను పిలిచినవాళ్ళు ఒక్కరు లేరు. ఆ ఏడు ఆమె మా సొంత ఇంటికే రెండుసార్లు సున్నం వేసింది.

"మొన్ననే ఏసినవ్ గద వదినె," అన్నాను.

"చేతులు ఊకుంటలేవు సరోజనా," అంది.

నాకు ఏడుపొచ్చింది. దాని వెంటనే కోపం కూడా వచ్చింది, ఎవరి మీదనో తెలియదు.

మా ఊళ్ళో గోడ తెల్లగా ఉండడం మామూలు విషయం కాదు. చుట్టూ రైస్‌మిల్లులు. ఊక కాల్చిన బూడిద గాలికి లేచి వచ్చి ఇండ్ల మీద వాలుతుంది. పొద్దున ఉతికి ఆరేసిన తెల్లచీరను సాయంత్రం మళ్ళీ ఉతుక్కోవాలి. పైన వానలు పడితే ఆ బూడిద మీద పాకురు పట్టి, కిటికీల కిందనుంచి నల్లటి చారలు కారతాయి. వేల రూపాయలు పోసి వేయించిన రంగు కూడా రెండేళ్ళకు అదే గతి పడుతుంది. సత్తెమ్మ ఆ గోడలను చూసి, అనుభవించండి అన్నట్టు నడిచేది.

పోయిన ఏడు కోదాడలో మా చిన్నమ్మ కొడుకు గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల వేళకు సత్తెమ్మ కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే హైవే పక్కన ఒక వాటర్ సర్వీసింగ్ సెంటర్ ముందు నిలబడి ఉంది. లోపల ఒకాయన లారీ కడగడం ముగించి, అదే పైపుతో తన ప్రహరీగోడ కడుగుతున్నాడు. నీళ్ళు తగిలిన చోటల్లా నలుపు పోయి కింది రంగు బయటికొస్తోంది. సత్తెమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"వదినె, ఆడ స్వీటు కూడా అయిపోయింది," అన్నాను మండిపడుతూ.

"నువ్వు తిన్నవ్ గద. గీడ సూడు, కుంచె లేదు, సున్నం లేదు, గోడ కొత్తదైతున్నది."

ఆ సెంటర్ ఆయన పేరు సాంసన్. యాభై ఏళ్ళుంటాయి. ఇద్దరు ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి తన గోడను చూడడం అతనికి విచిత్రంగా తోచినట్టుంది.

"ఏంటమ్మా, బస్సు కోసమా? స్టాపు అటుపక్కండి," అన్నాడు.

"నాకు గది నేర్పుతవా సార్?" అంది సత్తెమ్మ.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆదివారం లారీలు తక్కువగా ఉంటాయి, ప్రార్థన అయ్యాక పదకొండింటికి రండి అన్నాడు. అట్లా మూడు ఆదివారాలు హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు బస్సెక్కాం. నేనెందుకంటారా, ఆమె ఒక్కత్తే పోతానంటే మా అన్న కళ్ళెర్రజేశాడు. నా ఆదివారాలు గంగలో కలిశాయి.

మొదటిరోజు పైపు చివరనున్న గన్ నొక్కగానే ఆ విసురుకు సత్తెమ్మ రెండడుగులు వెనక్కి వచ్చి నా కాలు తొక్కింది. నీళ్ళు గోడకు కాకుండా రేకుల కప్పు మీద పడి, అక్కడ పడుకున్న పిల్లి ఎటు పోయిందో సాయంత్రం దాకా రాలేదు. కాసేపటికి చెయ్యి నిలిచింది. కానీ ఒక అలవాటు మాత్రం పోలేదు. పాతికేళ్ళు కుంచె పట్టిన మనిషి, గోడకు ముక్కు ఆనించి పనిచేసిన మనిషి. గన్ కూడా అట్లాగే జానెడు దూరంలో పట్టేది. నీళ్ళు తగిలిన చోట తెల్లటి చార, తగలని చోట నల్లటి చార. గోడంతా జంపఖానా మాదిరి తయారైంది.

"అట్టా దగ్గరికి పోమాకండమ్మా," అన్నాడు సాంసన్. "కుంచె కాదిది, కొరుకుద్ది. మూడడుగులు ఎడం ఉండండి. ఏటవాలుగా కొట్టండి. నలుపు పోకపోతే ఇంకొంచెం సబ్బునీళ్ళు కొట్టి ఆగండి, అంతేగానీ మీద పడొద్దు."

సబ్బునీళ్ళు కిందినుంచి పైకి కొట్టాలట, కడగడం పైనుంచి కిందికట. కరెంటు మీటరుకు, స్విచ్చులకు ముందే పాలిథిన్ కవరు కట్టాలట. అన్నింటికంటే ముందు, ఎవరికీ కనపడని ఒక మూల చెయ్యంత చోట కొట్టి చూడాలట, ఆ గోడ తట్టుకుంటుందో లేదో. సత్తెమ్మ అన్నింటికీ తల ఊపింది. ఈ చివరి మాటకు మాత్రం కొంచెం తక్కువ ఊపిందని నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

మూడో ఆదివారం సాంసన్ అసలు మాట చెప్పాడు. అతను నీళ్ళు కొట్టే కొత్త పెద్ద మిషన్ తెచ్చుకున్నాడు. పాతది ఇచ్చేస్తాడు. హుజూర్‌నగర్‌లో ట్రాక్టర్లు కడిగే ఒకతను అడుగుతున్నాడు, వచ్చే ఆదివారం వస్తాడు.

"ఈలోపు మీరు తీసుకెళ్ళి ఒక్క ఇల్లు కడగండి. ఆ ఇంటావిడ నాకు ఫోన్ చేసి బాగా చేసిందని చెప్పాలి. చెప్తే మిషన్ మీకే. నేను నేర్పినోళ్ళు గోడలు పాడుచేస్తే నా పేరు పోద్దమ్మా, అందుకని."

మిషన్ను బస్సెక్కించాం. కండక్టర్ దానికీ టికెట్ కొట్టాడు. దారిపొడుగునా సత్తెమ్మ దాన్ని ఒళ్ళో పిల్లలా పట్టుకుని కూర్చుంది. మిర్యాలగూడ దగ్గర పడుతుంటే నా చెవిలో మెల్లగా అంది.

"సరోజనా, ఇది పోతే నాకు ఇంకోటి రాదే. మల్ల ఇంట్ల కూసునుడే."

ఇల్లు వెతకనక్కర లేకుండానే దొరికింది. మా వెనక వీధిలో గౌరయ్య, పోచమ్మ దంపతులు. గౌరయ్య రైస్‌మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళ కొడుకు సురేష్ పెళ్ళి దగ్గర పడింది. మా దగ్గర పెళ్ళంటే ఇంటి ముందుగోడ మీద, తలుపు పక్కన, రంగులతో పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ తేదీ రాయిస్తారు. చుట్టూ తీగలు, పూలు వేయిస్తారు. ఆ రాతలు ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటాయి. బుధవారం పెయింటర్ వస్తాడు. గోడ చూస్తే పొయ్యివెనక గోడలా ఉంది. సత్తెమ్మ వెళ్ళి, సాంసన్‌కు ఫోన్ చెయ్యాలన్న సంగతి కూడా చెప్పి, కడుగుతానని అడిగితే పోచమ్మ వెంటనే సరేనంది. ఆ ఇంటికి పదిహేనేళ్ళపాటు సున్నం వేసింది సత్తెమ్మే. ఐదేళ్ళ కిందట మాత్రం దాని మీదనే కాంట్రాక్టర్‌తో డబ్బా రంగు వేయించారు.

సోమవారం నేను సెలవు పెట్టాను. డ్రమ్ము నింపాం, మీటరుకు కవరు కట్టాం, సబ్బునీళ్ళు కొట్టాం. గౌరయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని, పేపర్ పట్టుకుని, జీవితంలో ఎన్నడూ గోడ కడగని మనిషి మాకు సలహాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. తలుపుకు ఎడమవైపు గోడ బ్రహ్మాండంగా వచ్చింది. సత్తెమ్మ మూడడుగుల దూరం తప్పలేదు. బూడిదంతా నల్లనీళ్ళయి కాలువలోకి పోతుంటే వీధిలో నలుగురు ఆగి చూశారు. ఆమె ముఖంలో వెలుగు చూసి నా నడుంనొప్పి కూడా మరిచిపోయాను.

"వదినె, కుడిదిక్కు మొదలుపెట్టేముందు మూలకు జర కొట్టి సూడు," అన్నాను. "ఎడమదిక్కు ఇటుకగోడ, ఇది పాతగోడ."

"పదిహేనేండ్లు ఏసిన. నా గోడ నాకు తెల్వదా?" అంది. అదీ ఆమె పొగరు.

కుడివైపు చూరు కింద ఒకచోట నలుపు గట్టిగా పట్టి ఉంది. రెండుసార్లు కొట్టినా పోలేదు. మూడోసారి ఆమె కాళ్ళు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. గన్ జానెడు దూరానికి వచ్చేసింది. డబ్బా రంగు పాలమీగడలా లేచి, చేటంత ముక్క ఊడిపడింది. వదినా ఆపు అని అరిచాను. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది?

ఆగవలసిన మనిషి ఆగలేదు. ఊడిన చోట కింద ఆమె వేసిన పాత పసుపురంగు సున్నం కనిపించింది. దాని కింద నీలం. ఆ కింద లేత ఆకుపచ్చ. ఏ రంగు ఏ ఏడు వేసిందో ఆమెకు గుర్తే. పాత చుట్టాలు ఒక్కొక్కరే ఎదురొచ్చినట్టు అట్లాగే చూస్తూ కొడుతూ పోయింది. అన్నింటికీ అడుగున, ఆమె ఆ ఇంటికి రాకముందటి పొర మీద, ఎర్రటి ఆయిల్ పెయింట్‌తో రాసిన అక్షరాలు తేలాయి. ఆయిల్ పెయింట్ మీద సున్నం పట్టదు, నీళ్ళు తగలగానే వదిలేసింది.

శుభ వివాహం. దాని కింద, చిరంజీవి గౌరయ్య.

సత్తెమ్మ మిషన్ ఆపి నావైపు తిరిగింది. ముఖం తెల్లబోయి ఉంది. గోడ పాడైందని ఆమెకు అప్పుడే తెలిసింది. మరుక్షణమే ఆ ముఖం విప్పారింది.

"ఇది బావ పెండ్లి రాత. అక్కకు సూపిద్దాం. సంబరపడ్తది, గోడ సంగతి అడగదు," అంది.

ఇదీ మా వదిన తెలివి. నేను వద్దనేలోపే ఇంట్లోకి కేకేసింది. "పోచమ్మక్కా, జర బయటికి రా. నీ పెండ్లి రాత బయటపడ్డది."

పోచమ్మ పిండిచేతులతో బయటికి వచ్చింది. గోడ చూసింది. అక్కడే నిలబడింది. గౌరయ్య మాత్రం కుర్చీలోంచి లేచాడు, పేపర్ తడినేల మీద పడింది.

"చాలు సత్తెమ్మా, బంద్ చెయ్. గాడ కడుగుడు వద్దు," అన్నాడు.

"సిగ్గెందుకు బావా, అక్క పేరు కూడ రానియ్యి," అని సత్తెమ్మ మళ్ళీ మోటర్ వేసింది.

మొదట 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' వచ్చింది. తర్వాత 'క' వచ్చింది. నేను పరుగెత్తుకుని వెళ్ళి ప్లగ్గు పీకేశాను, కానీ పైపులో మిగిలిన నీళ్ళకే మిగతా రెండక్షరాలూ వచ్చేశాయి. కరుణ.

గోడ మీదనుంచి నీళ్ళు కారుతున్న చప్పుడొక్కటే. సత్తెమ్మ చేతిలో గన్ కిందికి వాలిపోయింది. మిషన్ హుజూర్‌నగర్ వెళ్ళిపోయినట్టేనని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. రంగు ఊడగొట్టింది చాలక సంసారంలో చిచ్చు పెట్టాం.

పోచమ్మ ఐదో తరగతి దాకా చదివింది. నిదానంగా, కూడబలుక్కుంటూ ఆ పేరు చదివింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మెట్టు మీద కూలబడి, పిండిచేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ముఖమంతా తెల్లగా అయింది.

"నీకు చెప్దామనే అనుకున్ననే," అన్నాడు గౌరయ్య. "అది ముందుగాల కుదిరిన సంబంధం. పెండ్లి మూడు రోజులుందనంగ ఆ పిల్లకు టీచర్ ట్రైనింగు సీటొచ్చింది. ఇప్పుడే పెండ్లి వద్దన్నది. అంతే, నేను ఆమెను సరిగ సూడను కూడ లేదు."

"నాకు తెల్వదా? కాపురానికొచ్చిన నెలలనే మీ అమ్మ చెప్పింది."

"మరి ఇన్నేండ్లు అడగలేదేంది?"

"నువ్వు చెప్తవేమో అని సూసిన," అంది పోచమ్మ. "ముప్పై ఎనిమిదేండ్లు సూసిన."

గౌరయ్య తల దించుకున్నాడు. నాకు ఆయన మీద జాలేసింది, అప్పటిదాకా ఆయన ఇచ్చిన సలహాలన్నీ క్షమించేశాను.

"ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు," అంది పోచమ్మ. ఇప్పుడు నవ్వడం లేదు. "సదువుకున్నది, మంచిగైంది. నా బాధల్ల వేరే. ఒకసారి రాస్తే పెండ్లి చెడిందని మీ అమ్మ భయపడి, నా పెండ్లికి గోడ మీద పేర్లు రాయనియ్యలె. బిడ్డ అనురాధ పెండ్లికి రాయించినం. ఎల్లుండి కోడలి పేరు రాయిస్తం. ఈ ఇంటి గోడ మీద అందరి పేర్లున్నయ్, నాది లేదు. అడుగుదామంటే గిదేం కోరిక అంటరని సిగ్గయ్యేది."

సత్తెమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. "తప్పు నాదే అక్కా. మూలకు కొట్టి సూడుమన్నడు సార్. సరోజన గూడ చెప్పింది. నేను ఇనలె. బుధవారం దాక టైమియ్యి, ఈ గోడ నేనే సక్కగ చేస్త."

"ఫోన్ సంగతి అప్పుడు సూద్దాం తియ్యి," అంది పోచమ్మ లోపలికి వెళుతూ.

ఆ రెండు రోజులు సత్తెమ్మ సరిగా తిన్నది లేదు. కుడివైపు పొరలన్నీ సమంగా వచ్చేదాకా కడిగింది, ఈసారి ప్రతి జానెడుకూ ముందు అంచున కొట్టి చూసుకుంటూ. ఎర్రటి అక్షరాలను గరుకు కాగితంతో రుద్ది తీసింది. అటక మీద పడేసిన సున్నం తొట్టి దింపింది, రాత్రంతా సున్నం నానబెట్టి, వడగట్టి, మంగళవారం పొద్దున ఒక పూత, సాయంత్రం ఒక పూత వేసింది. పాతికేళ్ళ చెయ్యి కదా, బుధవారం ఎండ పడేసరికి ఎడమవైపు కంటే కుడివైపే మెరుస్తోంది. ఎదురింటి సౌమ్య వచ్చి, ఇదేం రంగు, ఏ కంపెనీది అని అడిగింది. సత్తెమ్మకు చెప్పే ఓపిక లేదు.

పెయింటర్ వచ్చి ఎడమవైపు సురేష్ పేరూ, కోడలు త్రివేణి పేరూ రాశాడు. పూలు వేశాడు. డబ్బాలు సర్దుకోబోతుంటే పోచమ్మ కుడివైపు చూపించింది.

"గీడ కూడ రాయాలె. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి పోచమ్మ. చిరంజీవి గౌరయ్య."

అతను ఆ ముసలి దంపతులను ఎగాదిగా చూశాడు. "తేదీ ఏమెయ్యాలమ్మా?"

పోచమ్మ గౌరయ్య వైపు చూసింది. నిన్న తిన్న కూర గుర్తుండని మనిషి ఆయన. తేదీ తప్పితే ఈ గోడే కాదు, ఇల్లే మిగలదనిపించింది.

"ఎనభై ఏడు, జూన్ పదకొండు. బేస్తారం," అన్నాడు గౌరయ్య. "తలంబ్రాలప్పుడు వాన పడ్డది. నువ్వు నా కండువ నెత్తిమీద కప్పుకున్నవ్."

పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి నవ్వు కాదు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎండ ఎక్కువైందని పక్కకు వచ్చేశాను.

రంగు ఆరకముందే ఆమె ఫోన్ తెమ్మంది. సాంసన్ నంబర్ నేనే కలిపి ఇచ్చాను. సత్తెమ్మ తొట్టి కడుగుతున్నట్టు నటిస్తోంది, చేతులు కదలడం లేదు.

"కోదాడ సాంసనేనా? నేను మిర్యాలగూడకెల్లి పోచమ్మను. ఆ, కడిగింది. ఎట్ల కడిగిందంటే, జర ఎక్కువనే కడిగింది. మిషన్ ఆమెకే ఇయ్యి. తప్పు చేసిన అని ఆమెనే నీకు చెప్తది సూడు, ఇనకు."

ఫోన్ చేతికి రాగానే సత్తెమ్మ ఆ మాటే మొదలుపెట్టింది. సార్, నేను మూల చూసుకోలేదు అని. అటునుంచి సాంసన్ ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె మాత్రం ఫోన్ చెవికి పెట్టుకునే నేల మీద కూర్చుండిపోయి, సరే సార్, మిషన్ నా దగ్గరనే ఉంచుకుంట సార్, సరే సార్ అని పదిసార్లు అంది.